ఎర్ర బంతి, పచ్చగడ్డి, కుక్క కన్ను

సభకు నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున మన బెంగళూరు కబ్బన్ పార్కులో ఒక పెద్దాయన ఎర్ర బంతిని గడ్డిలోకి విసిరారు. ఆయన లాబ్రడార్ బంతి వెంట బాణంలా దూసుకుపోయి, అది ఆగిన చోటికి జానెడు ఇవతల నిలబడి, నేలకు ముక్కు ఆనించి వెతకసాగింది. "కళ్లెదుటే ఉంది కదే!" అని ఆయన తెలుగులోనే విసుక్కున్నారు. బంతి కళ్లెదుటే ఉన్నమాట నిజమే. కాకపోతే అవి మన కళ్లు.

కుక్కకు లోకమంతా నలుపు తెలుపుల్లో కనిపిస్తుందన్న మాట మనలో చాలామంది విన్నదే, కాని అది నిజం కాదు. రంగును పసిగట్టే శంకు కణాలు మనకు మూడు రకాలైతే కుక్కకు రెండు. 1989లో కాలిఫోర్నియాలో జే నీట్జ్, తిమోతీ గైస్ట్, జెరాల్డ్ జేకబ్స్ మూడు కుక్కలకు రంగుల తేడా గుర్తించడం నేర్పి పరీక్షించినప్పుడు, ఆ రెండు రకాలూ సుమారు 429, 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి ఎక్కువగా స్పందిస్తాయని తేలింది. అంటే నీలం, పసుపు దానికి వేరువేరుగా తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం పసుపు ఛాయల్లోనే కలిసిపోతాయి. ఎర్ర బంతి కదులుతున్నంతసేపూ దొరికిపోతుంది, ఆగగానే గడ్డిలో మాసిన మచ్చ అవుతుంది. అంగళ్లలో ఎర్ర బొమ్మలే ఎందుకు ఎక్కువంటే, కొనేది మనం కనుక!

మసక వెలుతురు సంగతికి వస్తే పైచేయి కుక్కదే. అపార్టుమెంటు బేస్‌మెంటులో స్కూటరు లైటు పడగానే దాని కళ్లు పచ్చగా మెరవడం మీరు చూసే ఉంటారు. కంటి లోపలి తెర రెటీనా వెనుక టపీటమ్ లూసిడమ్ అనే అద్దంలాంటి పొర ఉండి, కణాలకు చిక్కకుండా దాటిపోయిన కాంతిని వెనక్కి తిప్పి మరోసారి వాటి మీదికి పంపుతుంది. ఆ మెరుపు అదే. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలూ దానికి సమృద్ధిగా ఉంటాయి. అయితే ఈ చీకటి చూపు ఊరికే రాలేదు. తిరిగొచ్చే కాంతి కొంత చెదురుతుంది, కంటిలో పడే బొమ్మలో పదును తగ్గుతుంది. మనం 75 అడుగుల నుంచి పోల్చగల వస్తువును పోల్చడానికి కుక్క దాదాపు 20 అడుగుల దగ్గరికి రావాలని అంచనా.

ఆ పెద్దాయన తర్వాత టెన్నిస్ బంతి తీశారు. అది కొంత మెరుగే గాని, దాని రంగు కూడా కుక్కకు గడ్డితో పాటు పసుపు వైపే పడుతుంది, వెలుగు హెచ్చుతగ్గుల తేడా ఒక్కటే ఆధారం. ఆ తేడాను పట్టడంలో కుక్క మనకంటే వెనుకే. గడ్డి మీద ఆడించదలిస్తే నీలం బంతి కొనండి.