ఇల్లు అంటుకున్నప్పుడు నోరులేని ప్రాణుల సంగతి

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో మంటలు లేచినప్పుడు క్షేమంగా బయటపడిన మనుషులు మళ్లీ లోపలికి పరుగెత్తడం అగ్నిమాపక సిబ్బందికి బాగా తెలిసిన విషయం. కొందరు డబ్బు కోసమో, కాగితాల కోసమో వెళ్తారు. ఇంకొందరు వెళ్లేది లోపల ఉండిపోయిన కుక్క కోసం, పిల్లి కోసం. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. రోజూ మంచం మీద కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకునే ప్రాణిని పొగలో వదిలి రావడం అంత తేలిక కాదు. కానీ అలా వెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లున్నారు. అందుకే మంటల్లోంచి పెంపుడు జంతువులను ఎలా బయటికి తేవాలో ముందే ఏర్పాట్లు చేసుకోవడం జంతువులకు ఎంత అవసరమో మనుషులకూ అంతే అవసరమని నేను నమ్ముతాను.

2005లో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు, తమ జంతువులను వదిలి రాలేక చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాది, 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని ఆ దేశం చట్టమే చేసింది. వరద వచ్చేటప్పుడు కొన్ని గంటలైనా వ్యవధి ఉంటుంది. ఇల్లు అంటుకుంటే అంత వ్యవధి ఉండదు.

ఇప్పటి ఇళ్లలో సోఫాలు, పరుపులు, కర్టెన్లు చాలావరకు ఫోమ్‌తో, సింథటిక్ బట్టతో చేసినవే. అవి అంటుకుంటే మంట చాలా వేగంగా పెరుగుతుంది. పొగను పసిగట్టి మోగే స్మోక్ అలారం ఇంట్లో ఉన్నా, అది మోగాక బయటపడటానికి ఒక్కోసారి రెండు నిమిషాలకు మించి దొరకదు. గదిలో పైన పేరుకున్న వేడి 500, 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, అప్పటిదాకా అంటుకోని వస్తువులు కూడా ఒక్కసారిగా భగ్గుమంటాయి. అయితే ఎక్కువ ప్రాణాలు తీసేది మంట కన్నా ముందు పొగ. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గానీ ఒంటికి ఆక్సిజన్ అందదు.

ఈ విషవాయువు చిన్న ప్రాణుల మీద ఎంత త్వరగా పనిచేస్తుందో బొగ్గు గని కార్మికులకు బాగా తెలుసు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో చేసిన సూచనతో గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకువెళ్లేవారు. మనిషికి తల తిరగకముందే పిట్ట కొమ్మ మీంచి జారిపడేది. బ్రిటన్ గనుల్లో వాటి స్థానంలో యంత్రాలు వచ్చింది 1986లో. మీ ఇంట్లో పంజరంలో చిలుకో, చిన్న పిట్టలో ఉంటే ఇది గుర్తుంచుకోండి. పక్షుల ఊపిరితిత్తులు మనకన్నా సమర్థంగా గాలిని వాడుకుంటాయి, కాబట్టి విషాన్ని కూడా అంతే వేగంగా పీల్చుకుంటాయి. పంజరం ఉన్న గదిలో స్మోక్ అలారం తప్పనిసరిగా ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రమాద సమయంలో జంతువు ఏం చేస్తుంది? మనం పిలిస్తే పరుగెత్తుకుని వస్తుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. స్మోక్ అలారం మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోత చేస్తుంది. మనకే చెవులు గింగురుమనే ఆ మోత కుక్కకు, పిల్లికి భరించలేనిది. పైగా పొగ వాసన, మన అరుపులు. భయపడిన పిల్లి మంచం కిందికో, బీరువా వెనక్కో, వాషింగ్ మెషిన్ సందులోకో దూరిపోతుంది. కుక్క కూడా తను నిద్రపోయే మూలనే నమ్ముకుంటుంది. ఎప్పుడూ ఎవరినీ కరవని జంతువు ఆ క్షణంలో కరుస్తుంది, రక్కుతుంది. అందుకని మీ జంతువు భయపడినప్పుడు ఎక్కడికి పోతుందో ముందే గమనించి పెట్టుకోండి. ఉరుము ఉరిమినప్పుడు, కొత్త మనుషులు వచ్చినప్పుడు, మిక్సీ పెద్దగా మోగినప్పుడు అది ఎక్కడ దాక్కుంటే, అలారం మోగినప్పుడు దాదాపుగా అక్కడే ఉంటుంది. ఆ చోటు ఇంట్లో అందరికీ తెలియాలి. చెయ్యి అందని సందులుంటే ఇప్పుడే అట్టపెట్టెతోనో, చెక్కతోనో మూసేయండి. రెండు నిమిషాల్లో మంచం జరిపి పిల్లిని పట్టుకోవడం కుదిరే పని కాదు.

అలారం మోతకు జంతువును అలవాటు చేయొచ్చు. ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, మొదట చాలా సన్నగా వినిపించి, వెంటనే వీధి తలుపు దగ్గర దానికి ఇష్టమైన తినుబండారం పెట్టండి. కొన్ని వారాల పాటు శబ్దం కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. భయపడుతోందనిపిస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి. ఓపికగా చేస్తే ఆ మోత వినగానే తలుపు దగ్గరికి వచ్చే కుక్కలున్నాయి. కొన్ని పిల్లులు కూడా నేర్చుకుంటాయి. నెలకోసారి అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడాలి కదా, ఆ రోజునే ఈ అభ్యాసం కూడా పెట్టుకోవచ్చు. అన్నట్టు, అలారానికి కూడా వయసుంటుంది. పదేళ్లు దాటితే మార్చేయాలి.

పిల్లిని, కుందేలును తీసుకువెళ్లే క్యారియర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్లలో అది అటక మీద ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేరోజున మాత్రమే దించుతారు. దాన్ని చూడగానే సూది మందు గుర్తొచ్చి పిల్లి మాయమైపోతుంది. అలా కాకుండా క్యారియర్‌ను హాల్లో ఓ పక్కన, తలుపు తెరిచి, మెత్తటి పాత దుప్పటి వేసి ఎప్పుడూ అక్కడే ఉంచండి. అప్పుడప్పుడు తిండి అందులోనే పెట్టండి. కొన్నాళ్లకు పిల్లి దానంతట అదే వెళ్లి అందులో పడుకుంటుంది. అలవాటైన చోటు కాబట్టి భయమేసినప్పుడు కూడా అందులోకే వెళ్లే అవకాశం ఉంటుంది. రెండు పిల్లులుంటే రెండు క్యారియర్లు కావాలి. ఎంత స్నేహంగా ఉండే పిల్లులైనా భయంలో ఒకదాన్నొకటి గాయపరుచుకుంటాయి.

క్యారియర్ అందకపోతే దిండు గలీబు వాడండి. పిల్లి మీద గలీబు వేసి, లోపలికి తోసి, మూతి బిగించి పట్టుకుంటే చాలు. బట్ట కాబట్టి కాసేపు గాలి ఆడుతుంది, మీ చేతులకు గోళ్ల గాయాలు తగ్గుతాయి. పడకగదిలో ఎప్పుడూ చేతికందే వస్తువు ఇది. కుక్కకైతే మెడపట్టీ, లీష్ వీధి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉండాలి. చీకట్లో కూడా చెయ్యి పెడితే దొరకాలి.

పెద్ద కుక్క ఉంటే, మేడ మీద కాపురం ఉంటే, మెట్లు దిగడం గురించి ఆలోచించండి. మంటలప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదు. ఎప్పుడూ లిఫ్ట్‌లోనే దిగిన కుక్క మెట్ల దగ్గర మొరాయిస్తుంది. వారానికి ఒకసారైనా దాన్ని మెట్ల మీదుగా దించితే ఆ బెరుకు పోతుంది. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కనైతే దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు చెరోవైపు పట్టుకుని దించాలి. ఇది చెప్పినంత సులువు కాదు. ఒకసారి చేసి చూస్తే ఎవరు ముందుండాలో, దుప్పటి ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

ఎవరు ఎవర్ని తీసుకురావాలో కూడా పేర్లతో సహా అనుకోవాలి. లేకపోతే అందరూ కుక్క వెంట పడి, పంజరాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు ఈ బాధ్యత ఇవ్వొద్దు. పిల్లలు చేయాల్సింది బయటికి రావడం ఒక్కటే, ఈ మాట వాళ్లకు పదేపదే చెప్పాలి. చిన్న పంజరమైతే పలచటి బట్ట కప్పి పంజరంతోనే తీసుకురావచ్చు. పెద్ద పంజరమైతే పక్షికి చిన్న క్యారియర్ వేరే ఉండాలి. చేపల తొట్టిని మంటల్లోంచి తేవడం సాధ్యం కాదు. ఆ నిజాన్ని, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, ముందే మాట్లాడుకోవడం మంచిది.

రాత్రిపూట సంగతి వేరు. మూసిన తలుపు మంటను, పొగను చాలాసేపు ఆపుతుంది. తలుపులు వేసుకుని పడుకోవాలని అగ్నిమాపక నిపుణులు చెప్పేది అందుకే. మరి కుక్క హాల్లో ఉంటే? దాన్ని మీ గదిలోనే పడుకోనివ్వండి అంటాను. వెతుక్కునే పని ఉండదు, తలుపు మూసి ఉన్నందువల్ల దానికీ రక్షణే. కుదరకపోతే వంటగదికి దూరంగా, వీధి తలుపుకు దగ్గరగా ఉన్న గదిలో ఉంచండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా ఇదే పద్ధతి. మెడపట్టీ తీసేయకుండా వెళ్లండి. బోనులో పెడితే గొళ్లెం పెట్టండి గానీ తాళం వేయకండి. నమ్మకస్తులైన పొరుగువాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉండాలి, ఇంట్లో ఏ జంతువు ఏ గదిలో ఉంటుందో వాళ్లకు తెలియాలి. ఎన్ని జంతువులున్నాయో రాసిన స్టిక్కర్‌ను కిటికీకి అంటించడం కొన్నిచోట్ల అలవాటు. అది మంచిదే, కానీ సంఖ్య మారినప్పుడల్లా మార్చి రాయాలి. చనిపోయిన పిల్లి పేరు స్టిక్కర్ మీద అలాగే ఉండిపోతే, లేని ప్రాణి కోసం అగ్నిమాపక సిబ్బంది పొగలో వెతుకుతారు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన మాట. అలారం మోగింది. జంతువు ఎదురుగా ఉంటే ఎత్తుకుని రండి. అనుకున్న చోట ఒక్కసారి చూడండి. అక్కడ లేకపోతే, లేదా దారిలో పొగ అలుముకుంటే, మీరు బయటికి వచ్చేయండి. వచ్చేటప్పుడు మంట ఉన్న గది తలుపు మూయడం వీలైతే మూయండి. బయటికి వచ్చాక మళ్లీ వెళ్లొద్దు. వీధి తలుపు తెరిచి ఉంచాలా మూయాలా అన్నదానిపై రెండు రకాల సలహాలు వింటాం. తెరిచి ఉంచి పిలిస్తే జంతువు మీ గొంతు విని రావచ్చని జంతుప్రేమికులు అంటారు. తెరిచిన తలుపు మంటకు గాలి అందించి దాన్ని పెంచుతుందని అగ్నిమాపక నిపుణులు అంటారు. రెండూ నిజమే. మంట చిన్నదై, గుమ్మం దగ్గర పొగ లేకుంటే బయటే నిలబడి మామూలు గొంతుతో కాసేపు పిలవండి. గుమ్మంలోంచి పొగ వస్తుంటే తలుపు లాగేసి, దూరం జరిగి, వచ్చిన సిబ్బందికి చెప్పండి. నా అభిప్రాయం ఇదే.

వాళ్లకు చెప్పేటప్పుడు "మా టామీ లోపలుంది" అంటే సరిపోదు. కుక్కా పిల్లా, ఏ రంగు, ఏ గది, ఎక్కడ దాక్కుంటుంది, కరుస్తుందా, ఈ అయిదూ చెప్పండి. మాస్కు, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూసి జంతువు ఇంకా బెదిరిపోతుంది. ఎక్కడ వెతకాలో తెలిస్తే వాళ్లు తిన్నగా అక్కడికే వెళ్తారు. జంతువుల మూతికి సరిపోయే ఆక్సిజన్ మాస్కులు కొన్ని అగ్నిమాపక బృందాల దగ్గర ఉంటాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

బయటికి తెచ్చిన జంతువును వెంటనే లీష్‌తో కట్టేయండి, లేదా క్యారియర్‌లో పెట్టి తలుపు వేసేయండి. చేతుల్లో ఉంది కదా అని వదిలేస్తే రోడ్డు మీదికో, తిరిగి ఇంట్లోకో పరుగు తీస్తుంది. ఆపైన, బాగానే కనబడుతున్నా సరే, పశువైద్యుడికి చూపించాలి. పొగ వల్ల ఊపిరితిత్తులకు తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు. దగ్గు, తూలుతూ నడవడం, అతిగా మగత, పిల్లి నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఇవన్నీ అత్యవసర లక్షణాలు. చిగుళ్లు బాగా ఎర్రగా ఉన్నాయి, పర్వాలేదనుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కినప్పుడు కూడా అవి అలాగే ఎర్రబడతాయి. కాలిన చోట చల్లటి నీళ్లు పోయండి. ఐసు పెట్టొద్దు, ఇంట్లో ఉన్న పూతమందులు రాయొద్దు. పాదాల అడుగున కూడా చూడండి. ఒంటి మీది మసిని అది నాకేలోపు తడిబట్టతో తుడిచేయండి.

ఒక చిన్న సంచి కూడా తలుపు దగ్గర పెట్టుకోండి. రోజూ వాడే మందులు, టీకాల కార్డు నకలు, మీరూ జంతువూ కలిసి ఉన్న ఫొటో ఉంటే చాలు. తప్పిపోయినప్పుడు అది మీదేనని చూపడానికి ఆ ఫొటో పనికొస్తుంది. జంతువు చర్మం కింద బియ్యపు గింజంత ఉండే మైక్రోచిప్ వేయించి ఉంటే ఇంకా మంచిది. కానీ ఆ చిప్‌లో ఉండేది ఒక నంబరు మాత్రమే. ఆ నంబరు పక్కన నమోదైన మీ ఫోన్ నంబరు పాతదైతే చిప్ ఉన్నా ఉపయోగం లేదు.

మంటలు ఆరాక కూడా పిల్లి దొరకకపోతే ఆశ వదులుకోకండి. ఎక్కువగా అది ఇంటి చుట్టుపక్కలే, కదలకుండా దాక్కుని ఉంటుంది. లోపలికి వెళ్లొచ్చని సిబ్బంది చెప్పాక అల్మారాల వెనుక, సింకు కింద, గోడల ఖాళీల్లో చూడండి. జనం సందడి తగ్గిన రాత్రివేళ టార్చిలైటు నేలకు దగ్గరగా పట్టుకుని తిప్పండి, దాక్కున్న పిల్లి కళ్లు మెరుస్తాయి. ఘాటు వాసనున్న తిండి పెట్టి, తన పాత దుప్పటి పక్కన పడేసి, రోజూ ఒకే వేళకు ఒకే మనిషి వెళ్లి పిలవాలి. చాలా రోజుల తర్వాత దొరికిన పిల్లులున్నాయి. అందుకని మొదటి రెండు మూడు రోజులకే వెతకడం ఆపేయొద్దు.

నమస్కారం.