పాస్‌వర్డ్ మార్చేశాను కదా, ఇంకేం భయం?

నమస్కారం, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. మా వీధిలో పట్టు చీరల కొట్టు అన్నయ్య మొన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నా సైట్లో ఎవడో కొత్త అడ్మిన్ కనిపించాడు. పాస్‌వర్డ్ మార్చేశాను, ఇంక టెన్షన్ లేదు కదా?"

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వాడు తాళం పగలగొట్టలేదు అన్నయ్యా. నీ తాళంతో వాడికి పనే పడలేదు!

నీ కొట్టే తీసుకుందాం, సైట్లో అడ్మిన్ అంటే కొట్లో యజమాని లాంటివాడు. కొత్త ఖాతాదారుకి గుమాస్తా ఒక కాగితం ఇస్తాడు: పేరు, ఊరు, ఫోన్ నంబరు. వచ్చినవాడు అవి నింపి, అడుగున సొంతంగా ఇంకో వరస చేర్చాడు: "హోదా: యజమాని". గుమాస్తా ఉన్నదున్నట్టు చిట్టాకెక్కించాడు. మర్నాడు వాడొచ్చి గల్లాపెట్టె తాళాలు అడిగాడు. చిట్టా తీస్తే యజమానే! ఇచ్చేశారు.

వర్డ్‌ప్రెస్ అంటే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్, ప్లగిన్ అంటే దానికి తగిలించే అదనపు ముక్క. 2023లో అల్టిమేట్ మెంబర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో జరిగింది ఇదే. 2 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. ఎవరి హోదా ఏమిటో వర్డ్‌ప్రెస్ డేటాబేసులో ఒక వరసలో రాసుకుంటుంది. దొంగలు రిజిస్ట్రేషన్ ఫారంతో పాటు ఆ వరసనూ పంపించేవాళ్లు.

ప్లగిన్ వాళ్లు ఊరికే కూర్చోలేదు, ఫలానా పేర్లు రానివ్వొద్దని జాబితా పెట్టారు. అంటే గుమాస్తాకి "యజమాని అని రాస్తే తీసుకోకు" అని చెప్పినట్టు. మన ఊళ్లో సగం మాటలు ఒడియాలోనే కదా, వాడు "మాలిక్" అని రాశాడు. జాబితాలో ఆ మాట లేదు, చిట్టాకెక్కింది. చిట్టా చదివే అన్నయ్యకి రెండు భాషలూ వచ్చు! ప్లగిన్ దగ్గర ఇలాగే ఇంగ్లీషు పెద్దక్షరాలు, స్లాష్‌లు, గుర్తులున్న అక్షరాలు వాడారు. జాబితాకి కొత్త పేరులా కనిపించేది, డేటాబేసుకి పాతదే. ముందు వచ్చిన సవరణలు సరిపోలేదు, చివరికి 2.6.7 వెర్షన్‌తో మూశారు. రాకూడనివాళ్ల పేర్లు రాసుకుంటూ పోతే ఎప్పటికి తెములుతుంది? అడిగిన మూడు గళ్లే ఎక్కించు, మిగతాది చించెయ్.

ప్లగిన్లు రాసే కుర్రాళ్లకి ఒక మాట. ఈజ్ అడ్మిన్ అనే ఫంక్షన్ వచ్చినవాడు యజమానా కాదా అని చూడదు, ఆఫీసు గదిలో ఉన్నాడా అనే చూస్తుంది. టీ తెచ్చినవాడూ గదిలోనే ఉంటాడు. కరెంట్ యూజర్ కెన్ అని అడగండి, అది ఆ పని చేసే హక్కు వాడికుందా అని చూస్తుంది.

టైం అయిపోతోంది. 2024 ఆగస్టులో 50 లక్షలకు పైగా సైట్లలో ఉన్న లైట్‌స్పీడ్ క్యాష్ అనే ఇంకో ప్లగిన్‌లోనూ బయటివాడు అడ్మిన్ అయిపోయే దారి బయటపడింది. దానికి కాపలా ఒక రహస్య సంకేతం అన్నారు గానీ దానికి పది లక్షల రకాలే ఉండేవి, వరసగా ప్రయత్నిస్తే దొరికిపోయేది. 6.4లో సరిచేశారు. అది ఇంకో వీడియోలో.

ఇప్పుడు చేయాల్సింది: ప్లగిన్లు అప్‌డేట్ చెయ్యండి. యూజర్ల పేజీలో అడ్మినిస్ట్రేటర్లను విడిగా చూసి, తెలియనివాణ్ణి తీసెయ్యండి. వాడు కొత్తగా పెట్టిన ప్లగిన్లు, ఫైళ్లు కూడా వెతకండి. అన్నయ్య సైట్లో ఎవరూ పెట్టలేదంటున్న ప్లగిన్ ఒకటి దొరికింది. కొట్టు కట్టేశాక రాత్రి దాని ముందు కూర్చుంటాం.