పదిహేనేళ్లకు చేరువైన డీజిల్ స్విఫ్ట్: బాగుచేయించాలా, మార్చేయాలా?

నమస్కారం. ఈ రోజు రివ్యూ చేయబోయే కారుకు షోరూము లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. 2011 నవంబరులో రిజిస్టరైన మారుతి స్విఫ్ట్ వీడీఐ. ఇప్పటికి లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి మధ్యమధ్యలో సుత్తి చప్పుడు వినిపిస్తుంది, సర్దుకోండి.

కారు యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఫోను చేసినప్పుడల్లా "అమ్మేయండి నాన్నా, కొత్తది కొనిపెడతాను" అంటాడు. మాస్టారికి కారు మీద మమకారం ఉంది, కానీ మెకానిక్ రాసిచ్చిన 68 వేల రూపాయల అంచనా చూసి ఆయనా కాస్త తగ్గారు. "రెండు లక్షలు కూడా రాని కారుకి డెబ్భై వేలు పెట్టడం తెలివైన పనేనా?" అని నన్ను అడిగారు.

ఆ ప్రశ్న వేసిన తీరే సరిగా లేదని నా అభిప్రాయం. లెక్కల మాస్టారికి లెక్క చెప్పడం సాహసమే, అయినా చెబుతాను. రెండు లక్షలనేది బయటివాడు ఈ కారుకిచ్చే ధర. వాడికి దీని చరిత్ర తెలియదు, ఆయిలు ఎప్పుడు మార్చారో తెలియదు, అందుకే తగ్గించి అడుగుతాడు. మీకు కావలసింది ఆ ధర కాదు. ఈ 68 వేలు పెడితే ఎన్ని నెలలు నిశ్చింతగా తిరగొచ్చు, అదే నిశ్చింత కొత్త కారుతో అయితే నెలకు ఎంత పడుతుంది? చూడాల్సింది ఇదే. "రిపేరు ఖర్చు కారు విలువలో సగం దాటితే అమ్మేయాలి" అని చాలామంది చెబుతుంటారు. నేను ఆ సూత్రాన్ని నమ్మను. ఆ సూత్రం ప్రకారం కారు పాతబడేకొద్దీ చిన్న రిపేరు కూడా పెద్ద నేరంలా కనిపిస్తుంది.

ముందు కారును చూద్దాం, డబ్బు సంగతి తర్వాత.

బానెట్ కింద ఉన్నది 1248 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. 75 పీఎస్ శక్తి, 190 న్యూటన్ మీటర్ల టార్క్. మూలం ఫియట్ మల్టీజెట్. మారుతి దీన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా... ఒక దశాబ్దం పాటు మన రోడ్ల మీద సగం డీజిల్ కార్లలో ఇదే ఉందేమో అన్నంతగా కనిపించేది. బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లను ఆపేసింది. అయినా ఇన్ని లక్షల బండ్లలో తిరిగిన ఇంజన్ కాబట్టి, దీని సామాను ఆటోనగర్‌లో అడిగిన వెంటనే దొరుకుతుంది, చేయి తిరిగిన మెకానిక్ కూడా దొరుకుతాడు.

ఇది చిన్న విషయం కాదు. ఇదే ఇంజనున్నా, ఇప్పుడు ఇక్కడ అమ్మకంలో లేని ఫియట్ పుంటో మీ దగ్గరుంటే నా సలహా వేరేగా ఉండేది. ఇంజన్ సామాను దొరుకుతుంది సరే, హెడ్‌లైటు పగిలితే? తలుపు రబ్బరు కావాలంటే? షెవర్లే 2017 చివరికల్లా ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి కార్లలో రిపేరు ఖర్చుకంటే సామాను కోసం ఎదురుచూసే రోజులే ఎక్కువ బాధపెడతాయి.

ఇప్పుడు ఇంజన్ పరీక్ష. బండి స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచాం. ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అదే రంధ్రం మీద ఊరికే పెట్టాను. దగ్గరగా చూడండి. మూత సన్నగా వణుకుతోంది, అంతే. ఎగిరి పక్కన పడిపోతే, గుప్పుగుప్పున పొగ తన్నుతూ ఉంటే, పిస్టన్ రింగులు అరిగి గ్యాసు కిందికి దిగుతోందని అర్థం. డీజిల్ ఇంజన్‌లో కొంచెం ఆవిరి రావడం మామూలే, భయపడొద్దు. తెల్లవారి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నేను ప్రత్యేకంగా విన్నది టైమింగ్ చైన్ శబ్దం. ఈ ఇంజన్‌లో బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. ఆయిలు మార్చకుండా సాగదీసిన బండ్లలో చైన్ సాగి, మొదటి కొన్ని సెకన్లు గొలుసు ఈడ్చినట్టు గరగరమంటుంది. మాస్టారు ఏటా ఆయిలు మార్పించారు, బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టారు. గరగర లేదు. టర్బో దగ్గర ఆయిలు తడి కూడా పెద్దగా లేదు.

అయితే నన్నడిగితే పాత కార్లను ముంచేది చాలాసార్లు ఇంజన్ కాదు, తుప్పు. ఇంజన్‌ను విప్పి బిగించవచ్చు. అడుగు రేకు తినేశాక పుట్టీ పూసి రంగు వేస్తే మీ కళ్లను మోసం చేసుకోవడమే. కెమెరా కొంచెం కిందికి... డ్రైవర్ సీటు ముందు మ్యాటు తీసి, కార్పెట్ అంచు ఎత్తి చేయి పెట్టాను. పొడిగా ఉంది. తలుపు కింద ఈ పొడవాటి గడప భాగం మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ వెళదాం. టంగ్, టంగ్, టంగ్... ఇదిగో ఇక్కడ మాత్రం డబ్ మంది. అంటే ఎప్పుడో సొట్ట పడితే పుట్టీతో నింపారు. మాస్టారిని అడిగితే, గేటు స్తంభానికి రాసుకుందని ఒప్పుకున్నారు. ఒక్కచోటే, బెత్తెడు కూడా లేదు, లోపల రేకు గట్టిగానే ఉంది. ఇదే కారు విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలిలో, ఆరుబయట ఇన్నేళ్లు ఉండి ఉంటే ఈ పరీక్ష ఇంత హాయిగా ముగిసేది కాదు. అనంతపురం కారుకీ, బీచ్ రోడ్డు కారుకీ ఒకే వయసున్నా ఒకే ఆయుష్షు ఉండదు. ముందు స్ట్రట్లు, అంటే చక్రాల దగ్గరి షాక్ అబ్జార్బర్లు కూర్చునే చోట, గడపల్లో, అడుగు రేకులో తుప్పు కన్నాలు కనబడితే ఇంజన్ ఎంత బాగున్నా అమ్మేయండి. దీంట్లో నాకు రెండో మాట లేదు.

ఇక ఆ 68 వేల చీటీ. క్లచ్ సెట్ లేబర్‌తో కలిపి 14 వేలు. ముందు సస్పెన్షన్, అంటే స్ట్రట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు కలిపి 17 వేలు. నాలుగు టైర్లు 19 వేలు. బ్యాటరీ 6 వేలు. బ్రేక్ ప్యాడ్లు, వెనక షూలు 5 వేలు. డెంటింగ్, పెయింటింగ్ 7 వేలు. చూశారుగా, వీటిలో చివరిది తప్ప మిగతావన్నీ అరిగే వస్తువులు. కొత్త కారు కొన్నా కొన్నేళ్లకు ఇవన్నీ మార్చాల్సినవే. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి కారు చచ్చిపోయినట్టు అనిపిస్తోంది. టైర్ల మీద గాడుల అచ్చు ఇంకా బాగానే ఉంది కదా అని మాస్టారు అన్నారు. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి, చూడండి: 2217. 2017లో 22వ వారంలో తయారైంది. అచ్చు ఎంత ఉన్నా రబ్బరు గట్టిపడిపోయింది, పక్కన వెంట్రుకల్లాంటి పగుళ్లు కూడా ఉన్నాయి. మారాల్సిందే. ఒక ఊరట ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద, టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న కార్ల మీద కూడా 18కే తగ్గింది కాబట్టి షోరూము వాళ్లూ ఇదే మాట చెప్పి పిలుస్తారు, అది వేరే సంగతి.

కొత్త కారు లెక్కకు వద్దాం. ఎక్స్‌షోరూమ్ ఏడు లక్షల పెట్రోల్ కారు అనుకోండి. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 98 వేలు. బీమా, చిల్లర ఖర్చులతో రోడ్డెక్కేసరికి సుమారు ఎనిమిది లక్షల నలభై వేలు. పాత కారుకు రెండు లక్షలు వచ్చాయనుకుందాం, మిగతా 6.4 లక్షలకు 9 శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు. ఈఎంఐ 13 వేల మూడొందలకు దగ్గర. చాలామంది ఇక్కడే ఆగి "నెలకు పదమూడు వేలు ఎక్కడ, పాత కారు ఎక్కడ" అంటారు. అదీ న్యాయం కాదు. ఈఎంఐలో అసలు కూడా ఉంటుంది, అయిదేళ్ల తర్వాత చేతిలో కారు ఉంటుంది. నిజంగా పోయే డబ్బే లెక్కపెడదాం. వడ్డీ లక్షా యాభై ఏడు వేలు. బీమా వాళ్ల పట్టిక ప్రకారం అయిదో ఏటికి తరుగు 50 శాతం, అంటే మూడున్నర లక్షలు. లైఫ్ ట్యాక్స్ 98 వేలు. మొత్తం ఆరు లక్షల పైచిలుకు, నెలకు పది వేలు. మారుతి లాంటి బండికి మార్కెట్‌లో ఆ పట్టిక కంటే మెరుగైన ధర రావచ్చు. సరే, ఎనిమిది వేలనుకోండి.

మాస్టారి కారుకు 68 వేలు పెడితే రెండేళ్లు పెద్ద పని రాదని ఈ షెడ్డు మేస్త్రీ చెబుతున్నాడు, నేను చూసినదాన్ని బట్టి నాకూ అదే నమ్మకం. నెలకు 2,800. కారు ధర రెండేళ్లలో ఇంకో యాభై వేలు పడిపోతుందనుకుంటే నెలకు మరో రెండు వేలు. మొత్తం అయిదు వేల లోపు. పైగా ఆయన నెలకు తిరిగేది అయిదారు వందల కిలోమీటర్లు. గుంటూరు, తెనాలి, అప్పుడప్పుడు తిరుపతి.

ఇంకో ఖర్చుంది. 2026 నవంబరుతో ఆర్సీ గడువు పదిహేనేళ్లు నిండుతుంది. రెన్యువల్‌కు ఫారం 25, గడువుకు ముందు 60 రోజుల్లో దరఖాస్తు చేయాలి, ఆర్టీఏ దగ్గర బండి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్ల ఫీజు 5 వేలు. ఆలస్యమైతే నెలకు 500 అదనం. దాని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్. ఇస్తే అయిదేళ్లకు ఇస్తారు. "డీజిల్ కారు పదేళ్లేనట కదా" అని అడిగేవాళ్లకు: అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం కోసం 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల సంగతి. ఆంధ్ర, తెలంగాణల్లో ఆ నిషేధం లేదు. స్క్రాప్ చేస్తే కొత్త కారు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే విధానం ఉంది, కానీ పాత ఇనుము ధర కింద ఇచ్చేది కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం. నడిచే స్విఫ్ట్‌ను ఆ ధరకు ఎవరిస్తారు?

ఇంతవరకూ పాత కారు వైపే మాట్లాడాను. ఇప్పుడు నన్ను ఇబ్బంది పెట్టే విషయం. ఈ వీడీఐలో ఎయిర్‌బ్యాగులు లేవు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్ది చూస్తే పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. ఇదే తరం కారు. 2024లో వచ్చిన కొత్త డిజైర్ అదే సంస్థ దగ్గర అయిదు స్టార్లు తెచ్చుకుంది. ఏ రిపేరూ ఈ తేడాను పూడ్చలేదు. మాస్టారు యాభై దాటకుండా పగటిపూట నడుపుతారు కాబట్టి సరే అంటున్నాను. ఇదే కారులో చిన్నపిల్లలతో ప్రతి వారం హైదరాబాద్ హైవే ఎక్కే కుటుంబమైతే, పై లెక్కలన్నీ పక్కనపెట్టి మార్చేయమంటాను. వాళ్లకు నెలకు మూడు నాలుగు వేలు ఎక్కువ పడినా ఆ డబ్బు దండగ కాదు.

బీమా గురించి కూడా ఒక మాట. ఈ కారు ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ, లక్షా అరవై వేలు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే కారు మొత్తం పోయినట్టు లెక్కగట్టి డబ్బు కడతారు. అంటే లక్షా ఇరవై వేలు. ముందు భాగం గట్టిగా తగిలితే బానెట్, రేడియేటర్, లైట్లు, ఏసీ కండెన్సర్ కలిపి అంత దూరం వెళ్లడం కష్టమేమీ కాదు. అప్పుడు బాగుచేయించాలా వద్దా అనే నిర్ణయం మీ చేతిలో ఉండదు. చిన్న దెబ్బకు క్లెయిమ్ చేసినా, పదేళ్లు దాటిన కారుకు ఇనుప భాగాల మీద సగం తరుగు కోస్తారు, ప్లాస్టిక్‌కు ఎలాగూ సగమే. మాస్టారికి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం ఉంది. అది కారుది కాదు, ఆయనది. ఎప్పుడైనా అమ్మితే సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారుకు వాడుకోవచ్చు. అమ్మినవాళ్లు మరో జాగ్రత్త తీసుకోవాలి: ఆర్సీలో పేరు మారేదాకా వెంటపడండి. పేరు మారకపోతే ప్రమాదంలో పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి ఈ స్విఫ్ట్‌కు నా తీర్పు: ఉంచుకోండి. కానీ చీటీని అలాగే ఒప్పుకోకండి. టైర్లు, బ్రేకులు ఈ వారమే. సస్పెన్షన్ తర్వాత. క్లచ్ ఇంకా జారడం లేదు, పెడల్ బరువెక్కింది అంతే, రెండు మూడు నెలలు ఆగవచ్చు. డెంటింగ్, పెయింటింగ్ ఆర్టీఏకు వెళ్లే ముందు చాలు. మార్చిన ప్రతి పాత భాగాన్నీ డిక్కీలో పెట్టమని మేస్త్రీకి చెప్పండి, మొహమాటపడకండి. రేపెప్పుడైనా ఇంజన్ విప్పి బోరు చేయించాల్సిన పని వస్తే, లేదా టర్బో, ఇంజెక్టర్లు ఒకేసారి అడిగితే, అప్పుడు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, ఉన్నదున్నట్టు అమ్మేయండి.

వీడియో ముగించేలోపు మాస్టారు ఇంకో విషయం బయటపెట్టారు. ఏసీ సరిగా చల్లబడటం లేదట, కంప్రెసర్ మార్చాలంటే ఇరవై రెండు వేలంటున్నారట. చీటీలో రాయించలేదు, మొత్తం చూసి నేను అమ్మేయమంటానని! చేయించండి మాస్టారూ. 90 వేలైనా రెండేళ్లకు నెలకు 3,750, తరుగు కలిపినా ఆరు వేల లోపే. మే నెలలో విజయవాడలో ఏసీ లేని కారును అమ్మగారు ఎలాగూ ఎక్కరు.