‘తెలుగు’ను ‘తలగ’ చేసే చిట్కా

మిత్రులారా, నమస్కారం.

ఒక వ్యాసంలోని విరామ చిహ్నాలు తీసేసి మాటలు లెక్కపెట్టాలనుకోండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అందరూ వాడే చిట్కా ఒకటుంది: మాటలో భాగమయ్యే గుర్తుకు సంకేతమైన ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ కిందికి రానిదీ, ఖాళీ కానిదీ ఏదైనా చెరిపెయ్. ఇంగ్లీషు మీద బాగానే నడుస్తుంది. మన పాఠం మీద నడిపితే ‘తెలుగు’ కాస్తా ‘తలగ’ అవుతుంది. పల్లె, పిల్ల, పిల్లి, పుల్ల నాలుగూ ‘పలల’ అయిపోతాయి. ఎర్రర్ ఏమీ రాదు, లెక్క వచ్చేస్తుంది. నన్ను కలవరపెట్టేది అదే.

కారణం ఇది. అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం అచ్చుల్నీ హల్లుల్నీ ‘లెటర్’ అంటుంది. గుణింతపు గుర్తుల్నీ పొల్లునీ సున్ననీ ‘మార్క్’ అంటుంది. పైథాన్‌తో వచ్చే ‘ఆర్ఈ’ మాడ్యూల్ (ప్యాటర్న్, అంటే నమూనా ఇస్తే పాఠంలో వెతికిపెట్టేది) లెటర్లనూ అంకెలనూ అండర్‌స్కోర్‌నూ మాత్రమే మాటలో భాగంగా చూస్తుంది. దానికి కొమ్మూ కామా ఒకటే. పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష మాత్రం మార్కులనూ మాటలో కలుపుకుంటుంది.

మాట సరిహద్దును చెప్పే ‘బ్యాక్‌స్లాష్ బి’ది ఇంకా విచిత్రమైన కథ. ‘తెలుగు’కు అటూ ఇటూ దాన్ని పెట్టి ‘తెలుగు భాష’లో వెతకండి. దొరకదు! చివరి కొమ్మూ, తర్వాతి ఖాళీ రెండూ మాట బయటివే కాబట్టి అక్కడ సరిహద్దు లేదంటుంది. అదే ‘తెలుగులో’ అన్న మాటలో మాత్రం దొరుకుతుంది. ‘కల’ కోసం వెతికితే ‘కలం’లోనూ ‘మేకల’లోనూ తగులుతుంది.

అందుకే సరిహద్దును మనమే చెప్పుకోవాలి: మాటకు ముందు గానీ వెనుక గానీ యూనికోడ్ సంఖ్యల్లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఉన్న తెలుగు గడిలోని గుర్తేదీ ఉండకూడదు, అంతే. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ‘రెగెక్స్’ మాడ్యూల్ వాడితే లెటర్లు, మార్కులు, అంకెలు అని నేరుగా రాయొచ్చు. నా ఓటు దానికే.

ఇక అసలు విరామ చిహ్నాలు. పైథాన్ సిద్ధంగా ఇచ్చే పంక్చుయేషన్ జాబితాలో ఉన్నవి ఇంగ్లీషు కీబోర్డు మీది 32 ఆస్కీ గుర్తులే. పత్రికల్లో కనిపించే వంపు కోట్లు, పద్యపాదం చివరి నిలువు గీత (దండం, ‘।’) అందులో లేవు. చుక్కతో మరీ జాగ్రత్త. ‘కి.మీ.’ను ఉన్నదున్నట్టు ప్యాటర్న్‌లో పెడితే చుక్క స్థానంలో ఏ గుర్తున్నా సరేనంటుంది. చుక్కను చుక్కగానే చూసేలా దాన్ని ‘ఆర్ఈ డాట్ ఎస్కేప్’ గుండా పంపాలి. చుక్క దగ్గర విరిస్తే ‘క్రీ.శ.’ రెండు ముక్కలవుతుంది. పోనీ రెండు అక్షరాల మధ్య చుక్కను ఉంచేద్దామంటే, ‘వచ్చాడు.తర్వాత’ అని ఖాళీ వదలకుండా టైపు చేసేవాళ్లు మనలో చాలామంది. కాబట్టి పొడి అక్షరాలకు ఒక జాబితా రాసుకోవడమే మేలు. ‘1,50,000’ లాంటి వాటికి మాత్రం అంకెల మధ్య కామాను ఉంచాలనే నియమం చాలు.

ఒక్కటి మిగిలింది. ‘సాఫ్ట్‌వేర్’లో ట-వత్తు పొల్లుకూ ‘వే’కూ మధ్య కంటికి కనబడని, వత్తు పడకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, కొందరు టైపు చేయరు. అది తెలుగు గడిలో లేదు. పోల్చే ముందు పాఠంలోంచీ, వెతికే మాటలోంచీ కూడా దాన్ని తీసెయ్యండి.