గుడ్లు పిల్లలు కావడం లేదా? ఒకసారి పుంజు సంగతీ చూడండి

(దృశ్యం: బొబ్బిలి దగ్గర ఒక పెరడు. గంప కింద పెట్ట. గోడ మీద డేగ (ఎర్ర ఈకల) పుంజు.)

పదిహేను గుడ్లు పొదగవేస్తే ఆరే పిల్లలయ్యాయి. తప్పు ఎవరిది? ముందు పెట్టను తిడతాం, తర్వాత ఉరుములను తిడతాం. గోడ మీద రొమ్ము విరుచుకుని కూస్తున్న పెద్దమనిషి జోలికి మాత్రం పోము. ఈరోజు ఆయన సంగతే.

పుంజు ఒక విడతకు ఇచ్చే వీర్యం సాధారణంగా అర మిల్లీలీటరుకు మించదు. కానీ ఒక్క మిల్లీలీటరులో 300 నుంచి 700 కోట్ల వీర్యకణాలుంటాయి. మంచిదైతే మీగడలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. నీళ్లలా ఉంటే కణాలు తక్కువ. పసుపు రంగు ఉంటే రెట్ట కలిసి ఉండవచ్చు.

(దృశ్యం: తెల్ల లెగ్‌హార్న్, పక్కన బరువైన బ్రాయిలర్ జాతి పుంజు.)

లెగ్‌హార్న్ తేలిక జాతి. వీర్యం కొద్దిగానే ఇచ్చినా పుంజు చురుకైనది, పది పన్నెండు పెట్టలకు ఒక్కటి చాలు. బ్రాయిలర్ జాతి పుంజు ఎక్కువే ఇస్తుంది, కానీ ఒళ్లు బరువెక్కితే పెట్టను ఎక్కలేదు. అందుకే దానికి మేత కొలిచి పెడతారు. వయాండాట్ జాతిది మరో కథ. గులాబీ తురాయి (తల మీద వెడల్పుగా, బొడిపెలతో ఉండే ఎర్రటి జుట్టు) జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పుంజుల్లో కణాల కదలిక మందగిస్తుంది. అసలు కారణం ఏ జన్యువులో ఉందో 2012లో తేలింది. ఇక మన పందెం కోడి జాతి అసీల్‌ను సంక్రాంతికి ఎంచేటప్పుడు రంగు చూస్తాం, కాలి దెబ్బ చూస్తాం. వీర్యం సంగతి ఎవరడిగారు?

ఒకే జాతిలోనూ పుంజుకూ పుంజుకూ చాలా తేడా ఉంటుంది. అయితే పోల్చేటప్పుడు ఒక మెలిక ఉంది. పెట్ట లోపల వీర్యాన్ని దాచుకునే సన్నని గొట్టాలున్నాయి. అందులో కణాలు రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా బతుకుతాయి. పుంజును మార్చిన వారానికి వచ్చిన పిల్ల పాత పుంజుది కావచ్చు! కాబట్టి పెట్టలను మూడు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాతే కొత్త పుంజుతో కలపండి. ఈ పరీక్ష ఎండాకాలంలో పెట్టకండి. వడగాడ్పుకు మంచి పుంజు కూడా చతికిలపడుతుంది, చల్లబడ్డాక కోలుకోవడానికీ వారాలు పడుతుంది.

(దృశ్యం: రెండు పళ్లేలు, ఒక్కోదానిలో అయిదు తాజా గుడ్లు పగలగొట్టి ఉన్నాయి. కెమెరా పచ్చసొనకు దగ్గరగా.)

సొన మీద ఈ చుక్క చూడండి. అంచులు చెదిరిన చిన్న తెల్ల మచ్చ అయితే గుడ్డు కట్టలేదు, అంటే అందులో పిల్ల కాదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రని ఉంగరంలా ఉంటే కట్టింది.

ఎడమ పళ్లెం డేగ పుంజుతో ఉన్న పెట్టలది: రెండు ఉంగరాలు. కుడి పళ్లెం బక్క కాకి (నల్ల ఈకల) పుంజు దగ్గరివి: అయిదుకు అయిదు. రెండూ అసీల్ పుంజులే.

(దృశ్యం: కాకి పుంజు. కాలికి తాడు, పక్కన సంతకు సిద్ధం చేసిన బుట్ట. ఇంటావిడ వచ్చి తాడు విప్పుతుంది.)