ఉదయగిరి దుర్గం ఒంటరిగా ఎక్కొచ్చా? ప్లానింగుతో సహా నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు ఉదయగిరి దుర్గం గురించి మాట్లాడుకుందాం. గుంపుగా పోయేవాళ్ళకి వీడియోలు బోలెడు ఉన్నాయి, ఇది ఒక్కరే బ్యాగు తగిలించుకుని కొండెక్కాలనుకునేవాళ్ళ కోసం. "అక్కా, నెల్లూరు చుట్టుపక్కల సోలోగా పోవడానికి ఏ కొండ బాగుంటుంది?" అని చాలామంది అడుగుతా ఉన్నారు. నా జవాబు ఉదయగిరే. కాకపోతే డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపలే పోవాల, అంతకుముందు ఎవరితోనైనా కలిసి కొన్ని కొండలు ఎక్కి ఉండాల, నీళ్ళ లెక్క ఇంట్లోనే కట్టుకుని బయల్దేరాల. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా తోడు తీసుకుని పోండి. ఇది నేను గట్టిగానే చెప్తున్నా.

మరి పెంచలకోన ఎందుకు కాదు, భైరవకోన ఎందుకు కాదు అంటారు. రెండూ నాకు ప్రాణం. అయితే భైరవకోనలో కొండని తొలిచి కట్టిన ఎనిమిది గుళ్ళూ, జలపాతమూ చూసుకుని పూట లోపల వచ్చేయొచ్చు, అది నడక ట్రిప్పు కాదు. పెంచలకోనలో గుడి దాటి పైకి పోతే శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. ఆడ ఫారెస్టు వాళ్ళకి చెప్పకుండా అడుగు పెట్టకూడదు. ఇంక ప్రకాశం వైపు దోర్నాల, నల్లమల సంగతి అసలు ఎత్తొద్దు, అది పులుల అభయారణ్యం. పులి ఉన్న అడివిలో ఒంటరిగా కాలినడక ప్లాన్ చేసుకోవడం సాహసం అనిపించుకోదు.

ఉదయగిరి ఎందుకు మేలంటే, కింద పెద్ద ఊరుంది, ఆస్పత్రి ఉంది, పోలీసు స్టేషన్ ఉంది. పైకి మనుషులు తిరిగే దారి ఉంది. పైన కోటగోడలు ఉన్నాయి కాబట్టి మనం యాడ ఉన్నామో చూసి గుర్తుపట్టుకోవచ్చు. దారిలో చాలా చోట్ల వెనక్కి తిరిగితే కింద ఊరు కనపడుతుంది. మొదటిసారి ఒంటరిగా నడిచేవాళ్ళకి ఇంతకంటే ధైర్యం ఇచ్చేది ఇంకోటి లేదు.

అయినా సరే, ఇది కూడా వెలిగొండల్లో భాగమే. ఎర్రచందనం పెరిగే కొండలు ఇవి. ఆ చెట్టు దానంతటది అడివిలో పెరిగేది దాదాపుగా మన కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు కొండల్లోనే. దాని కోసం స్మగ్లర్లు, వాళ్ళ కోసం కూంబింగు. పెద్ద బ్యాగుతో ఒంటరి మనిషి చీకట్లో కొండ మీద కనపడితే అనుమానించడం వాళ్ళ డ్యూటీ. అందుకని పోయే ముందు రోజే ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ఒక మాట చెప్పండి. పేరు, ఆధార్ జిరాక్సు, ఏ దారిన ఎక్కుతున్నారు, ఎన్ని గంటలకి దిగుతారు, అంతే. వాళ్ళు వద్దంటే వద్దు. పైన టెంటు వేసుకుని పడుకోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. పొద్దున ఎక్కి పొద్దు ఉండగానే దిగిపోవడమే ఈ ప్లాను.

ఇప్పుడు నెలల సంగతి. మనకి వానలు ఈశాన్య రుతుపవనాలతో పడతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హైదరాబాదు వాళ్ళు చేసే ట్రెక్కింగు వీడియోలు చూసి నవంబరులో బయల్దేరకండి. వాళ్ళకి అప్పటికి తెరిపి ఇస్తుంది, మనకి అప్పుడే తుఫాన్లు. తడిసిన బండ మీద పాచి ఉంటే ఎంత మంచి బూటు అయినా జారుతుంది. సంక్రాంతి టైముకి నేల ఆరిపోయి ఉంటుంది, చెట్లు ఇంకా పచ్చగానే ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది. మార్చి వచ్చిందంటే బండలు కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండ జోలికే పోకండి.

జనవరిలో మన వైపు పొద్దు దాదాపు 6:40కి పొడుస్తుంది, సాయంత్రం ఆరుకి అటూ ఇటుగా కుంకుతుంది. అంటే పదకొండు గంటల వెలుతురు. ఎక్కువే అనిపిస్తుంది, కానీ లెక్క కడదాం రండి. 1892లో విలియం నైస్మిత్ అని ఒక స్కాట్లాండ్ ఆయన ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ కొండలెక్కేవాళ్ళు అదే వాడతారు. గంటకి 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఉదాహరణకి 3 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు అనుకోండి. నడకకి 36 నిమిషాలు, ఎక్కుడుకి గంట, మొత్తం గంటా 36 నిమిషాలు. కానీ ఆయన చెప్పింది చల్లటి దేశంలో చేయి తిరిగినవాళ్ళకి. మన ఎండకి, మన రాళ్ళకి నేను దాన్ని రెట్టింపు చేస్తా. అంటే మూడు గంటల పైమాటే. దిగడానికి కూడా దాదాపు అంతే పెట్టుకుంటా. పైన కోట చూడకుండా వస్తామా, దానికి రెండు గంటలు. ఇప్పుడు చూడండి, పదకొండు గంటల్లో మిగిలేది ఎంతో! అందుకే తెల్లవారుతుండగానే కొండ కింద ఉండాల. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కి వచ్చి ఎక్కుదాం అంటే కుదరదు. కావలి నుంచి వింజమూరు మీదుగా వచ్చినా, కనిగిరి నుంచి పామూరు మీదుగా వచ్చినా అంతే. ముందు రోజు సాయంత్రానికే ఉదయగిరి చేరి ఊళ్ళో పడుకోండి.

పాత గెజిటీర్లలో, అంటే బ్రిటిషు కాలంలో ఊళ్ళ వివరాలు రాసిన పుస్తకాల్లో, ఈ కొండ ఎత్తు 3,079 అడుగులు అని ఉంటుంది. అది చూసి భయపడొద్దు, అది సముద్రమట్టం నుంచి. ఊరే కొంత ఎత్తులో ఉంది కాబట్టి మనం ఎక్కేది దానికంటే తక్కువే. మీ లెక్క మీరే కట్టుకోవాలంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 మ్యాపు చూడండి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. దాంట్లో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఆ మ్యాపులో ఎత్తుని చూపించే గీతలు ఉంటాయి, ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. గీతలు ఒకదాన్నొకటి అంటుకున్నట్టు ఉన్న చోట కొండ నిట్టనిలువుగా ఉంటుంది. ఉదయగిరి మ్యాపులో అట్టాంటి చోట్లు చాలా కనపడతాయి, ఆ పక్కకి పోవద్దు.

నీళ్ళ సంగతికి వస్తున్నా, ఈ రివ్యూలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పైన నీళ్ళు లేవు అనుకునే ప్లాన్ చేయండి. కోనేర్లు ఉన్నాయి, నిజమే. ఒకప్పుడు సైన్యాలు తాగిన నీళ్ళు. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి ఈ దుర్గం పట్టుకోవడానికి ఏడాదికి పైనే ముట్టడి వేయాల్సి వచ్చింది, 1514లో గానీ చేతికి రాలేదు. పైన నీళ్ళు నిలబెట్టుకున్నారు కాబట్టే అంతకాలం ఆగగలిగారని నా నమ్మకం. కానీ ఇప్పుడు ఆ నీళ్ళు పచ్చగా, పాచిపట్టి ఉంటాయి. మనం తాగేవి కావు.

ఇదిగో, ఈ లీటరు బాటిళ్ళు నాలుగు చూడండి. నాలుగు లీటర్లు అంటే నాలుగు కిలోల బరువు. ఈ బరువు చూసే చాలామంది రెండుతో సరిపెట్టుకుంటారు. చల్లటి పూట నడకలో గంటకి అర లీటరు పోతుంది, ఎండ ముదిరితే అది లీటరు దాకా వస్తుంది. తోడు ఉంటే పక్కవాళ్ళ బాటిల్ అడుక్కుంటాం, ఒంటరిగా ఉంటే ఎవర్ని అడుగుతాం? నాలుగు బాటిళ్ళు వేరువేరుగా పెట్టుకోండి, నాలుగు లీటర్ల క్యాన్ ఒకటే వద్దు. అది పగిలితే మొత్తం పోయినట్టే. రెండో బాటిల్ ఖాళీ అయిన చోటు నుంచి, కోట కనపడుతున్నా సరే, వెనక్కి తిరగండి. ఒక బాటిల్లో ఓఆర్ఎస్ కలుపుకోండి. డబ్బాల్లో వచ్చే తీపి డ్రింకులు వద్దు, లీటరు నీళ్ళలో కలుపుకునే పొడి ప్యాకెట్ అడగండి. చెమట ఆగిపోయి, తల తిరిగి, వాంతి వచ్చేట్టు ఉంటే అది వడదెబ్బ లక్షణం. అట్టా అనిపించిందంటే నీడలో కూలబడి, ఒళ్ళు తడుపుకుని, వెంటనే ఫోన్ చేసి సాయం అడగండి.

ఇంక దారి. పాత గెజిటీరు ప్రకారం ఇక్కడ మొత్తం పదమూడు కోటలు, ఎనిమిది కొండ మీద, ఐదు కింద. రాయలు పోయిన కొన్నేళ్ళకి విజయనగరంలో ఉన్న పోర్చుగీసు ఆయన నూనిజ్ ఉదయగిరి గురించి రాస్తూ, ఒకరి వెనక ఒకరు తప్ప పోలేనంత ఇరుకు దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పు దారి వేయించాడనీ చెప్పాడు. ఆ కొండ మీద నిలబడి ఇది గుర్తు చేసుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు, ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. పైన మసీదు ఉంది, పాడుబడ్డ గుళ్ళు ఉన్నాయి, మైళ్ళకొద్దీ గోడ ఉంది. గోడ రాళ్ళ సందుల్లోకి చూడండి, రాతికి రాయి ఎట్టా కూర్చోబెట్టారో! చేయి మాత్రం పెట్టకండి, ఎందుకో చెప్తా.

దారిలో ఇబ్బంది పెట్టేది మేకల జాడలు. అసలు దారి లాగానే ఉంటాయి, కాసేపు పోయాక పొదల్లో కలిసిపోతాయి. నా పద్ధతి ఏంటంటే, దారి చీలిన ప్రతి చోటా ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకుంటా. దిగేటప్పుడు కొండ వేరేగా కనపడుతుంది, అప్పుడు ఆ ఫోటోలే దారి చెప్తాయి. ఫోన్లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే చార్జింగ్ నిలబడుతుంది. విదేశాల వాళ్ళ వీడియోలు చూసి శాటిలైట్ మెసెంజర్లు తెప్పించుకోవద్దు. మన దేశంలో అనుమతి లేకుండా అవి దగ్గర పెట్టుకోవడం నేరం.

రాళ్ళ సందుల్లో చేయి పెట్టొద్దన్నది పాముల కోసం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగూ మన వైపు ఉన్నవే. రాతి నేలల్లో చిన్నపింజరి ఎక్కువ, మట్టిరంగులో కలిసిపోయి ఉంటుంది. గట్టి కర్ర ఒకటి తీసుకుని ముందు నేల మీద కొట్టుకుంటూ నడవండి. కాటు పడితే కోయొద్దు, తాడుతో బిగించొద్దు, పరిగెత్తొద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే, అది ఆస్పత్రిలోనే ఉంటుంది. ఈ కొండల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. అవి తెల్లవారుజామున, మాపటేళ తిరుగుతాయి. మనం ఉలిక్కిపడేట్టు చేస్తేనే మీద పడతాయి. అందుకని మలుపుల దగ్గర పాడుకుంటూ, మాట్లాడుకుంటూ పోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక పెద్దమ్మ నన్ను అడిగింది, "యాడికమ్మా, ఒక్కదానివే?" అని. ఆడపిల్లలకి ఈ ప్రశ్న ప్రతి ఊళ్ళో ఎదురవుతుంది. విసుక్కోకండి. ఆమెకి వివరంగా చెప్పా, దుర్గం పైకి పోతున్నా పెద్దమ్మా, మధ్యాహ్నం మూడుకి దిగుతా అని. "ఆ ఎడమ పక్క దారి వద్దు, అటు మొన్న రాళ్ళు దొర్లినాయి" అంది. ఏ యాప్‌లోనూ ఈ ముక్క లేదు. నేను దిగేసరికి ఆమె కొట్టు ముందే నిలబడి కొండ వైపు చూస్తా ఉంది. ఒంటరిగా పోయేవాళ్ళకి కింద ఇట్టాంటి మనిషి ఒకరు ఉండి తీరాల. ఇంట్లోవాళ్ళకి కూడా కాగితం మీద రాసివ్వండి, ఏ దారిన ఎక్కుతున్నా, ఎప్పటికి దిగుతా, నాలుగు గంటలకల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాల అని. ఉదయగిరి పోలీసు స్టేషన్ నంబరు ఆ కాగితం మీదే ఉండాల. 112 ఎట్టాగూ పనిచేస్తుంది.

బూట్ల గురించి రెండు ముక్కలు. వేలల్లో ఖర్చు పెట్టక్కర్లేదు. అడుగున గాళ్ళు లోతుగా ఉండాల, మడమ దగ్గర కదలకూడదు, ముందు వేళ్ళకి చిటికెన వేలంత జాగా ఉండాల. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుచ్చుకుని గోళ్ళు నల్లబడేది ఆ జాగా లేకే. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ పడతారు, మోకాళ్ళు అలిసిపోయి ఉంటాయి, సన్నటి గులకరాళ్ళు కాలి కింద దొర్లుతాయి. అడుగులు చిన్నవి వేయండి, కర్ర ముందు పెట్టి ఆ తర్వాతే కాలు వేయండి.

దిగాక టైముంటే చెక్క చెంచాలు చేసేవాళ్ళ దగ్గరికి పోండి. ఉదయగిరి చెక్క చెంచాలకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకమైన సరుకు అన్న గుర్తింపు, ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నార్ది కర్రతో చేస్తారు. గరిటె, ఫోర్కు, ఏది తీసుకున్నా చేత్తో చెక్కిందే. ఒకటి కొనుక్కోండి, ఆ కుటుంబాలకి మీరిచ్చేది నేరుగా చేరుతుంది. నెల్లూరు బస్సు చివరిది ఎన్నింటికో మాత్రం పొద్దున కొండెక్కే ముందే బస్టాండులో అడిగి పెట్టుకోండి, ఆ టైములు మారుతూ ఉంటాయి.