హ్యాగ్రిడ్ ఏ యాసలో మాట్లాడతాడు?

అందరికీ నమస్కారం. గ్రంథాలయంలో నిలబడి పుస్తకం చదవడం మానేసి వినడం గురించి మాట్లాడబోతున్నాను కాబట్టి ముందే క్షమాపణ అడుగుతున్నాను. లైబ్రేరియన్ గారు నవ్వుతున్నారు, క్షమించినట్టే అనుకుంటాను.

నేనుండేది హన్మకొండ, పాఠాలు చెప్పేది పరకాలలో. రోజూ బస్సే. సీటు దొరికితే సరి, దొరక్కపోతే గూడెప్పాడ్ దాకా రాడ్డు పట్టుకుని వేలాడడమే. బస్సులో పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఇయర్‌ఫోన్లు అలవాటయ్యాయి. అట్లా ఇరవై ఏళ్ల కింద చదివిన హ్యారీ పోటర్‌ను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి చెవులతో.

మొదటిసారి చదివింది ఇంటర్‌లో. అప్పటికి ఆరో పుస్తకం కూడా వచ్చేసింది. మా పెద్దనాన్న కొడుకు ఇక్కడే నిట్‌లో చదివేవాడు. మొదటి పుస్తకం ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ కాపీ ఒకటి తెచ్చిచ్చాడు. అట్ట రంగు వేళ్లకు అంటుకునేది. సగానికి రాకముందే తెలిసింది, మధ్యలో ఒక ఫారం మొత్తం లేదు. పదహారు పేజీలు! అర్ధరాత్రి పిల్లలు వాచ్‌మన్‌కు దొరక్కుండా ఉరికి, తెరవకూడని తలుపు తెరుస్తారు చూడండి, సరిగ్గా అక్కడ.

ఎండాకాలం, కరెంటు పోయింది, అందరం డాబా మీద పడుకున్నాం. "అన్నా, తలుపు తీసినంక ఏమైతది?" అని అడిగాను. అన్న లేచి కూర్చున్నాడు. "కుక్క. మూడు తలకాయలు. ఒక్కొక్క తలకాయ మన దర్వాజంత. ముక్కులకెళ్లి ఆవిరొస్తాంది..." అని మొదలుపెట్టి ఆ పదహారు పేజీలూ చెప్పాడు. పక్క డాబా వాళ్లు కూడా మాటలు ఆపేసి విన్నారు. తర్వాత మంచి కాపీ కొని ఆ అధ్యాయం ఇంగ్లీషులో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయినా నా తలలో ఆ కుక్క ఇప్పటికీ తెలుగు కుక్కే, ముక్కులకెళ్లి ఆవిరొచ్చే కుక్క.

ఈ కథల రికార్డింగుల సంగతి చెప్పాలి. చాలా ఏళ్లుగా ఇంగ్లీషులో రెండున్నాయి. ఇంగ్లండు వాళ్లకు స్టీఫెన్ ఫ్రై చదివాడు, అమెరికా వాళ్లకు జిమ్ డేల్. ఏడు పుస్తకాలూ ఒక్కొక్కరే. జిమ్ డేల్ ఐదో పుస్తకం ఒక్కదానిలోనే 134 గొంతులు మార్చాడని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. 2025 నవంబరులో కొత్త రకం మొదలైంది. ఒక్కరు కాదు, 200 మందికి పైగా నటులు, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు, చుట్టూ శబ్దాలు, సంగీతం. కథ చెప్పే గొంతు కుష్ జంబోది. డంబుల్డోర్‌గా హ్యూ లారీ, స్నేప్‌గా రిజ్ అహ్మద్, వోల్డెమార్ట్‌గా మాథ్యూ మక్‌ఫాడియన్. పిల్లల పాత్రలకు నాలుగో పుస్తకం నుంచి గొంతులు మారతాయి. నేనింకా మూడోదాని మధ్యలో ఉన్నాను, కథ తెలిసినా సరే, అక్కడి గొంతుల సంగతి మాత్రం ఎవరూ చెప్పకండి.

మొదటి వారం నాకు చిరాకే. ప్రొఫెసర్ మెక్‌గొనగల్ అంటే నా తలలో మా లెక్కల మేడం. ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూస్తూ "ఏమ్మా, నిద్రొస్తుందా?" అనే మేడం. ఇరవై ఏళ్లుగా హ్యారీ చదివే మంత్రాల బడి హాగ్వార్ట్స్‌లో ఆవిడే పనిచేస్తున్నారు. ఇప్పుడు ఆ పాత్రకు మిషెల్ గోమెజ్ అనే స్కాట్లండ్ నటి. గొప్పగా చేసింది, వంక పెట్టలేను. మా మేడం మాత్రం రిటైరయిపోయారు. ఫ్రై చదివింది విన్నప్పుడు ఇట్లా కాలేదు. ఎందుకు కాలేదా అని దామెర నుంచి ఆరెపల్లి దాకా ఆలోచించాను.

ఐనవోలు జాతరలో దొరికింది జవాబు. అక్కడ ఒగ్గుకథ విన్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. డోలు మోగుతుంటది, కథ చెప్పే ఆయన మల్లన్నగా గద్దిస్తాడు, భుజం మీది బట్ట తల మీదికి లాక్కుంటాడు, అదే మీసాలతో మల్లన్న భార్య మేడలమ్మ అయిపోతాడు. మీసాలు మనకు కనబడుతూనే ఉంటాయి. అందుకే అసలు మేడలమ్మను ఎవరికి వాళ్లు చేసుకుంటారు. ఆయన చేసేది సైగ, బొమ్మ గీసుకునేది మనం. స్టీఫెన్ ఫ్రై కూడా అంతే, ఆయన మెక్‌గొనగల్ వెనక మా మేడం హాయిగా ఉండగలిగింది. చిందు భాగోతం దారి వేరు. అక్కడ ఏ వేషానికి ఆ మనిషి కిరీటం పెట్టుకుని వస్తాడు. నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ అనే కళాకారిణి వేషం కడితే చూసినవాళ్లు ఇంకో రూపం ఊహించుకోగలిగారంటే నేను నమ్మను. కొత్త రికార్డింగు చిందు దారి పట్టింది. మనకు రెండూ ఉన్నాయి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అనే పని లేదు. చిందు ముందు కూర్చుని ఒగ్గు కోసం వెతికాను, తప్పు నాదే.

అది తెలిశాక చెవి కుదురుకుంది. రెండో పుస్తకంలో గోడల్లోంచి ఒక గొంతు వస్తుంది గుర్తుందా? హ్యారీకి తప్ప ఎవరికీ వినబడదు. కాగితం మీద ఆ మాటలు అందరం చదివేస్తాం, అవి అతనొక్కడికే వినబడుతున్నాయన్నది మనం నమ్మాల్సిన సంగతి. మొన్న బస్సులో ఆ చోటు వచ్చింది. గొంతు నా వీపు వెనకనుంచి వచ్చినట్టయి నేను నిజంగానే వెనక్కి తిరిగాను. పక్క సీటామె ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని ఉంది. "ఏంది బిడ్డా, ఎవలన్న పిలిచిండ్రా?" అన్నది. లేదమ్మా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి సంచి కొంచెం అటు జరుపుకుంది. స్నేహితులు రాన్, హెర్మయనీ హ్యారీని సరిగ్గా అట్లాగే చూస్తారు. నాలుగైదుసార్లు చదివినప్పుడు అందని ఒంటరితనం ఆ కూరగాయల సంచి దగ్గర అందింది.

అదే పుస్తకంలో హ్యారీ పాముతో మాట్లాడతాడు, తను మామూలు భాషే మాట్లాడాననుకుంటాడు. సినిమాలో బుసలు వినిపించారు. ఇక్కడ ఏం చేశారో చెప్పను, వినబోయేవాళ్ల సరదా చెడగొట్టడమెందుకు.

అసలు చెప్పాలని వచ్చింది ఇది. సంక్రాంతి సెలవుల్లో మా కాలేజీ పిల్లలు ఐదుగురు "మనం గూడ చేద్దాం మేడం" అన్నారు. సముద్రం మధ్య గుట్ట మీద గుడిసె, తుఫాను రాత్రి, హ్యారీని మంత్రాల బడికి పిలవడానికి హ్యాగ్రిడ్ అనే భారీ మనిషి తలుపు విరగ్గొట్టుకుని వస్తాడు, ఆ ఒక్క ఘట్టం. మాలో మేం వినడానికే. మా ఇంట్లో ముందు గది. కిటికీలకు బొంతలు కట్టాం, ఫ్యాను ఆపేశాం, ఫోను పుస్తకాల దొంతర మీద. తలుపు విరిగే చప్పుడుకు అటక మీది ఇనుప సందుగ దించి, మీద చాప పరిచి రోకలితో కొట్టాం. ఉత్త సందుగ గుడి గంటలా మోగింది, చాప వేస్తే తలుపయింది. హ్యాగ్రిడ్ వేషం కట్టిన పిల్లవాడు సన్నగా ఉంటాడు, గొంతు ఇప్పుడిప్పుడే మారుతోంది. ఖాళీ బిందెలో మూతి పెట్టి మాట్లాడాడు. రాక్షసుడే!

తెలుగు చేసింది నేను. మూలంలో రచయిత్రి రౌలింగ్ హ్యాగ్రిడ్ మాటల్ని స్పెల్లింగులు విరిచి రాసింది, ఇంగ్లండు పడమటి పల్లెల పలుకు అది. కాబట్టి హ్యాగ్రిడ్‌కు మన తెలంగాణ మాట ఇచ్చి, మిగతా అందరికీ పుస్తకాల తెలుగు రాశాను. రాసి మురిసిపోయాను కూడా. హ్యారీగా చదవాల్సిన అమ్మాయి కాగితం చూసి, "మేడం, హ్యాగ్రిడ్ ఒక్కడే మనలెక్క మాట్లాడుతుండు. హీరోకేమైంది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. సినిమాల్లో మన మాట రౌడీలకూ కమెడియన్లకూ ఇస్తారని క్లాసులో ఏడాదికోసారి లెక్చరిచ్చేది నేనే. కాగితం మీద అదే పని చేశాను, తెలియను కూడా తెలియలేదు. ఒక్కదాన్నే చదువుకుంటే ఎన్నటికీ తెలిసేది కాదు. ఐదు నోళ్లకు పంచేసరికి, ఇంట్లో "పోతాన్న" అనే పిల్ల "వెళ్తున్నాను" అని చదవాల్సి వచ్చేసరికి బయటపడింది. గొంతులు పంచడమంటే ఎవరికి ఏ మాట దక్కాలో తేల్చడం. మెక్‌గొనగల్‌ది స్కాట్లండ్ పలుకు అని కూడా నాకు పేజీల్లో కంటపడలేదు, నటి నోట వినేదాకా. ఏటా సెప్టెంబరు 9న ఈ ఊళ్లోనే, జనం మాటలోనే రాయాలన్న కాళోజీకి దండ వేసి పుస్తకాల తెలుగులో ఉపన్యసిస్తాం. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది మాత్రం ఏమిటి?

మళ్లీ రాశాం. హ్యారీ మనలెక్కనే మాట్లాడతాడు. హ్యాగ్రిడ్ అడవి పక్కన బతికేవాడు కదా, "ఆయన ములుగోడు మేడం" అని పిల్లలే తీర్మానించారు, రాగం కొంచెం సాగదీశారు. హ్యారీని సతాయించే పెదనాన్న వెర్నన్‌కు టీవీ వార్తల తెలుగు ఇచ్చారు. నేను వద్దనలేదు. కథ చెప్పే గొంతు ఏ తెలుగులో ఉండాలన్నది మాత్రం రెండు రోజులు కొట్లాడుకున్నా తేలలేదు. చివరికి చదివే పిల్ల "నా నోటికెట్లొస్తే అట్ల చదువుతా" అని తేల్చేసింది. ఒక్కో వాక్యం ఒక్కోలా వచ్చింది, దిద్దలేదు.

మూడు నిమిషాలే ఉంది, వినిపిస్తాను. సందుగ చప్పుడుకు ముందు కుక్కర్ విజిల్ ఒకటి వస్తుంది, అది సముద్రంలో ఓడ కాదు, మా వంటింట్లో పప్పు. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి. ఆ ఫ్యాను కట్టేయండి బాబూ.